గోడవైపు తిరిగిన పీట

"మా మొహాలు చూడటం కూడా మీకంత బరువైపోయిందా గురువుగారూ?"

కోటేశ్వరి ఈ మాట అడిగినట్టు లేదు, విసిరినట్టుంది. వసారాలో చాపల మీద కూర్చున్న తక్కిన శిష్యులు సన్నాయిలు ఒళ్ళో పెట్టుకుని తలలు దించుకున్నారు. ఆ మాట అడగాలని వాళ్ళకీ ఎన్నాళ్ళనుంచో ఉంది, అడిగే దమ్ము లేదంతే. గురువు కాశిం సాహెబ్ మాత్రం ఎప్పటిలాగే గోడవైపు తిరిగి చిన్న పీట మీద కూర్చుని, సన్నాయి కొసన నోట్లో పెట్టుకునే రెల్లు పీకను చాకుతో గీకుతున్నాడు. శిష్యులకు కనపడేదల్లా ఆయన వీపూ, భుజం మీది తువ్వాలూ, నెరిసిన మెడ వెంట్రుకలూను.

సన్నాయి అంటే నాదస్వరమే. మావైపు అందరూ సన్నాయి అనే అంటారు. కాశిం సాహెబ్ తాతల నాటినుంచీ వాళ్ళింట్లో అదే విద్య. పల్నాట్లో ఏ గుళ్ళో కల్యాణం జరిగినా, ఆ కుటుంబంలో ఎవరో ఒకరి సన్నాయి మోగకుండా అమ్మవారికి తాళి కట్టడం పూర్తికాదు. అంతటి విద్వాంసుడు, శిష్యులకు పాఠం చెప్పేటప్పుడు మాత్రం గోడకేసి తిరిగి కూర్చుంటాడు. ముందు తాను ఒక వరస ఊది వినిపిస్తాడు. ఆ తరవాత ఇక అటు తిరగడమే. శిష్యుడు ఊదడం ముగించాక కాసేపు ఏమీ అనడు. తరవాత గోడతో చెబుతున్నట్టుగా, "ఎట్టా పోయింది?" అంటాడు.

అంతే. ఎక్కడ తప్పిందో ఊదినవాడే చెప్పాలి. ఎందుకు తప్పిందో కూడా వాడే వెతుక్కోవాలి. "తెలవట్లేదండీ" అంటే, "తెలిసిందాకా ఊదు" అంటాడు. పోనీ గండం గడుస్తుంది గదా అని "బాగానే పోయిందండీ" అన్నామనుకోండి, "ఎందుకని బాగా పోయింది?" అని ఇంకో ముడి వేస్తాడు. రేపు ఏం సాధన చెయ్యాలో ఆయన చెప్పడు, రేపు పొద్దున వచ్చి నువ్వే చెప్పాలి. ఇదెక్కడి చోద్యం! కోటేశ్వరికి మొదటి రోజునుంచీ ఇది కంటగింపుగానే ఉంది. ఊరుకుని ఊరుకుని ఆ రోజు ఇక పట్టలేకపోయింది.

పట్టలేకపోవడానికి కారణం కూడా ఉంది. ఆమె తండ్రి ఏడుకొండలు తుమ్మలకుదురు చెన్నకేశవస్వామి గుడిలో సన్నాయి విద్వాంసుడు. తండ్రి తరవాత కొడుకుగా వాళ్ళింటి మేళమే అక్కడ మోగుతూ వచ్చింది. ఏడుకొండలుకి ముందుపళ్ళు ఊడిపోయాయి. సన్నాయి ఊదేవాడికి పళ్ళు పోతే ఊపిరి ఎంతున్నా పీక మీద పెదవి నిలబడదు. కొడుకులు లేరు, ఉన్నది కోటేశ్వరి ఒక్కతే. ఈ వైశాఖంలో స్వామి కల్యాణానికి తానే వాయిస్తానని ఆమె ముందుకొస్తే, ధర్మకర్త చెంచురామయ్య పెదవి విరిచాడు. "ఆడపిల్ల ఊపిరి తిరునాళ్ళకి ఏం చాలుద్దయ్యా ఏడుకొండలూ? పోనీ పెద్దమనుషుల ముందు ఒకసారి వాయించమను, చూద్దాం" అన్నాడు. ఆ గుడి గడపలోకి వేరే మేళం ఒక్కసారి అడుగుపెట్టిందంటే మళ్ళీ బయటికి పోదు. ఆ సంగతి ఏడుకొండలుకి తెలుసు, కూతురికీ తెలుసు. నలిగిన మొహంతో తండ్రి సన్నాయి గుడ్డసంచిలోంచి తీసి చేతికిచ్చిన తీరు ఆమె కళ్ళముందునుంచి కదలడం లేదు.

ఇంత పీకలమీదికొచ్చిన వేళ, గురువన్నవాడు గోడకి పాఠం చెబుతున్నాడు!

"పక్క ఊళ్ళో మాస్టారు శిష్యుడి ఎదురుగా కూర్చుంటాడు. తొడమీద తాళం వేస్తాడు. స్వరం తప్పితే ఇట్టా కనుబొమ్మ ఎగరేస్తాడు, వెంటనే సర్దుకుంటారు వాళ్ళు. మాకేమో మీ వీపు. వీపుకి ఏం తెలుస్తుంది, మాకేం చెబుతుంది? ఎక్కడ తప్పిందో మాకే తెలిస్తే మీ దగ్గరకెందుకు రావాలండీ?" అంది కోటేశ్వరి.

కాశిం సాహెబ్ చాకు కింద పెట్టాడు. పీక మీది పొట్టు ఊదేశాడు.

"మొహం కావాలా?" అన్నాడు.

"కావాలి."

"మళ్ళీ వద్దనవు గదా?"

"నేనెందుకంటానండీ!"

ఆయన ఇంక వాదం పెట్టుకోలేదు. లేచి, పీట ఎత్తి, ఇటు తిప్పి వేసుకుని ఆమెకెదురుగా కూర్చున్నాడు.

అప్పటినుంచి కోటేశ్వరి విద్య పరుగందుకుంది. సన్నాయి ఊదేవాళ్ళకి నోటికి పని, చేతులకి పని, కళ్ళు మాత్రం ఖాళీ. ఆ ఖాళీ కళ్ళు రెండూ తీసుకెళ్ళి ఆమె గురువు మొహం మీద పెట్టింది. శ్రుతి కాస్త ఎక్కితే ఆయన ఎడమ కనుబొమ్మ లేస్తుంది. స్వరం అతిగా సాగితే పెదవి బిగుసుకుంటుంది. సరిగ్గా పడితే కళ్ళు మూతపడతాయి. ఇవన్నీ ఆమె చూస్తూ చూస్తూనే పట్టేసింది. తప్పు పూర్తిగా తప్పయ్యేలోపే సర్దుకోవడం వచ్చేసింది. పాట ముగిశాక "ఎట్టా పోయింది?" అని అడగడానికి ఆయనకి సందే దొరకడం లేదు. ఆయన కూడా అడగడం మానేశాడు. "చూశారా? మొదటినుంచీ ఇట్టా కూర్చుంటే ఈ పాటికి నేనెక్కడుండేదాన్ని!" అని తక్కిన శిష్యులతో అంటూ తిరిగింది. పోయిన రోజులన్నీ గోడ పాలయ్యాయని మళ్ళీ మళ్ళీ ఒళ్ళు మండేది ఆమెకి.

పెద్దమనుషుల ముందు వాయించే రోజు వచ్చింది. తుమ్మలకుదురు గుడి మండపంలో చాపలు పరిచారు. చెంచురామయ్య, ఆయన పక్కన మరికొందరు పెద్దలు వరసగా కూర్చున్నారు. కాశిం సాహెబ్ అంతటివాడు వచ్చాడని ఆయన్ని అందరికన్నా ముందు కూర్చోబెట్టారు. కోటేశ్వరికి ఎడమపక్క డోలు పట్టుకుని మాల్యాద్రి కూర్చున్నాడు. ఆమెకి బాబాయి వరస, ఏడుకొండలు ఊదిన నాళ్ళన్నీ డోలు వాయించినవాడు. అప్పుడే పూజ అయింది. పూజారి ఆకుదొన్నెల్లో పులిహోర పంచాడు.

కోటేశ్వరి తోడి రాగం మొదలుపెట్టింది. సన్నాయికి తోడి రాజమకుటం లాంటిది. దాని ప్రాణమంతా గాంధారంలో ఉంటుంది. ఆ స్వరాన్ని నిలబెట్టి ఊదకూడదు, ఉయ్యాల ఊపినట్టు ఊపాలి. ఎక్కువ ఊపితే రోత, తక్కువ ఊపితే రాగమే మారిపోతుంది. ఆమె గాంధారం పట్టింది. ఊపింది. చక్కగా పడింది. వెంటనే అలవాటుగా గురువు మొహం చూసింది.

మొహం చిట్లి ఉంది!

కనుబొమ్మ ఒకటి కాదు, రెండూ లేచి ఉన్నాయి. పెదవులు బిగుసుకుపోయాయి. ఊపు ఎక్కువైంది కాబోలనుకుని తగ్గించింది. మొహం ఇంకా చిట్లింది. పూర్తిగా నిలబెట్టింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంత ఘోరంగా ఉందా? స్వరం కాస్త పైకెత్తి చూసింది. ఆయన తల అడ్డంగా ఆడింది. కిందికి దించింది. ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఇటు మాల్యాద్రి డోలు తడబడింది. తోడి పోయి ఏదో పేరులేని రాగం మండపంలో తిరుగుతోంది. ఎట్టాగో కడదాకా లాగి ఆమె సన్నాయి దించింది.

"ఏందమ్మాయ్, ఎవర్ని చూసి ఊదుతున్నావే?" అన్నాడు మాల్యాద్రి చెవిలో. "స్వామి అటున్నాడు, చూశావా?"

చెంచురామయ్య గొంతు సవరించుకున్నాడు. "నేను ముందే చెప్పాగా. ఆడపిల్ల ఊపిరి ఆడపిల్ల ఊపిరే" అన్నాడు. ఊపిరికేం వచ్చింది, నిక్షేపంలా ఉంది! పోయింది మరొకటి. అదేమిటో ఆయనకి తెలిస్తే గదా. తోడికీ దండోరాకీ తేడా తెలియని మనిషి తీర్పు చెబుతున్నాడు, అందరూ తలలూపుతున్నారు. చివరికి ఏడుకొండలు లేచి, బోసినోటితో, రెండు చేతులూ జోడించి బతిమాలాడు. ఆ మొహం చూసి పెద్దలు కాస్త మెత్తబడ్డారు. తిరునాళ్ళ మొదటిరోజు సాయంత్రం అమ్మాయి వాయించవచ్చు. కానీ పిడుగురాళ్ళ వైపునుంచి వేరే మేళాన్ని కూడా పిలిపించి సత్రంలో ఉంచుతారు. ఏమాత్రం తేడా వచ్చినా రెండోరోజునుంచి వాళ్ళదే మేళం. ఇక ఎప్పటికీ వాళ్ళదే.

రథం షెడ్డు పక్కన కాశిం సాహెబ్ కొళాయి దగ్గర వంగి నోరు పుక్కిలిస్తున్నాడు. కోటేశ్వరి ఆయన మీదికి దూసుకుపోయింది. గురువన్న మర్యాద అప్పటికి ఆమెలో మిగల్లేదు.

"నన్ను నిలువునా ముంచారు గదండీ! మీరు మొహం అట్టా పెడితే నేనేమనుకోవాలి?"

ఆయన మూతి తుడుచుకున్నాడు. కళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి.

"కారం అనుకోవాలమ్మా" అన్నాడు. "పులిహోరలో ఎండుమిరపకాయ పంటికింద పడింది. ప్రసాదం గదా, అంతమందిలో ఉమ్మేదెట్టా? నమిలి మింగుదామంటే విత్తనాలు గొంతుకడ్డం పడ్డాయి. చచ్చిపోయా అనుకో."

కోటేశ్వరికి ఏడుపు వచ్చింది. ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. మిరపకాయ! వాళ్ళ తాత ఊదిన గుడి, వాళ్ళ నాయన పళ్ళు అరగదీసుకున్న సన్నాయి, అన్నీ కలిపి ఒక ఎండుమిరపకాయ పాలయ్యాయన్నమాట!

"ఇంతకీ నువ్వు మొదట పట్టిన గాంధారం ఎట్టా ఉంది? నీ చెవికి?" అని అడిగాడాయన.

"బాగానే ఉంది! నాకు బాగానే ఉంది. మీరు మొహం చిట్లించారు గదా!" అని అరిచింది.

"ఊఁ" అన్నాడు కాశిం సాహెబ్. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బస్సు కోసం రోడ్డుమీదికి నడిచాడు.

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. మర్నాడు గురువుగారింటికి వచ్చి వసారాలో చాప మీద కూర్చుంది. ఎదురుగా గురువు. ఆమె సన్నాయి ఎత్తలేదు. నేలచూపులు చూస్తూ పళ్ళబిగువున అంది.

"అటు తిరగండి."

ఆయన పీట తిప్పుకున్నాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమె సన్నాయి నేలకేసి కొట్టి ఉండేదే.

అయితే అటు తిరిగినంతమాత్రాన పోయేంత చిన్న అలవాటు కాదది. ఊదడం మొదలుపెట్టగానే ఆమె కళ్ళు వీపుమీద వాలాయి. గురువు భుజం కాస్త కదిలితే ఇక్కడ గాంధారం కదిలింది. మెడ పక్కకి వంచితే శ్రుతి ఎక్కిందేమోనని అదురుకుంది. వీపుకేం తెలుస్తుందని అడిగిన పిల్లే ఇప్పుడు వీపు చదవడానికి తయారైంది! కాశిం సాహెబ్ ఆ సంగతి ఎట్లా కనిపెట్టాడో గాని, పాట మధ్యలో లేచి, పెరట్లోకి వెళ్ళి, మేకకి సుబాబుల్ ఆకు వేస్తూ అక్కడే ఉండిపోయాడు. తిరునాళ్ళు నెత్తిమీదికొస్తుంటే గురువు మేక మేపుకుంటున్నాడు. కోటేశ్వరికి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. "ఈయన నాకేం నేర్పట్లేదు, నన్ను వదిలేశాడు" అని పక్కనున్న శిష్యుడితో అంటే, వాడు పాపం తన పీక తడుపుకుంటూ కూర్చున్నాడు.

చూడటానికి ఏమీ లేకపోయేసరికి కోటేశ్వరికి వినడం తప్పలేదు.

వింటే, అబ్బా, ఎంత దరిద్రంగా ఉంది! తాను ఇన్నాళ్ళూ తన పాట విననేలేదని ఆ రోజు ఆమెకి తెలిసింది. గాంధారం చివర చిన్న తోక ఒకటి వేలాడుతోంది, ఊపిరి అందక జారే తోక. గురువు ఎదురుగా ఉన్నప్పుడు ఆయన పెదవి బిగించగానే దాన్ని కత్తిరించేసేది, ఎందుకొస్తోందో ఏనాడూ చూసుకోలేదు. ఇప్పుడు చూసుకుంటే, అది గాంధారం తప్పే కాదు. దానికి రెండు స్వరాల ముందు ఊపిరి తీసుకోవాల్సిన చోట బద్ధకించింది. సన్నాయి పక్కన పెట్టి, ఆ వరస నోటితో పాడి చూసుకుంది. ఎక్కడ గాలి పీల్చాలో అక్కడ నేలమీద వేలితో కొట్టుకుంది. మళ్ళీ ఊదింది. తోక పోయింది. పెరట్లోంచి "ఎట్టా పోయింది?" అని వినిపించింది. "ఊపిరి ముందే తీసుకున్నా, అందుకని నిలిచింది" అని గట్టిగా, కసిగా, అరిచినట్టే చెప్పింది. అటునుంచి మేక ఒక్కటే బదులిచ్చింది.

అప్పటినుంచి ప్రతి ఉదయమూ చాపమీద కూర్చోగానే ఇవాళ దేని పని పట్టాలో తానే పైకి చెప్పుకునేది. రాగమంతా గుప్పుమని ఊదడం మానేసి, ఎక్కడ కుంటుతోందో ఆ చిన్న ముక్కే పట్టుకుని కూర్చునేది. సాయంత్రం లేచేముందు ఏమైందో, ఏమి కాలేదో చెప్పుకునేది. తెలియనిది తెలియదని ఒప్పుకుని, ఆ ఒక్కదాని కోసం లేచి పెరట్లోకి వెళ్ళి గురువుని అడిగేది. అప్పుడు ఆయన దాచుకోకుండా చెప్పేవాడు, కావాలంటే ఊది చూపేవాడు. కోపం మాత్రం పోలేదు. ఆయన మీద కొంత, చెంచురామయ్య మీద కొంత, ఇన్నాళ్ళూ ఇంకొకరి మొహంలో తన పాట వెతుక్కున్న తన మీద బోలెడంత.

తిరునాళ్ళ మొదటి సాయంత్రం మండపం కిక్కిరిసింది. స్తంభానికి ఆనుకుని పిడుగురాళ్ళ వైపు మేళంవాళ్ళు నిలబడ్డారు. వాళ్ళ పెద్ద సన్నాయిగాడు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఏడుకొండలు గర్భగుడి గడప పక్కన ముడుచుకుని కూర్చున్నాడు, కూతురివైపు చూసే ధైర్యం లేక. కాశిం సాహెబ్‌ని మళ్ళీ ముందు వరసలోనే కూర్చోబెట్టారు. ఈసారి ఆయన ప్రసాదం దొన్నె అందుకుని, ఎవరూ చూడకుండా పక్కన పెట్టేశాడు. అది కోటేశ్వరి చూసింది.

తోడి మొదలైంది. మెల్లగా పైకెక్కింది. గాంధారం పట్టింది. ఊపింది. ఆమె చెవికి అది శ్రుతిలో కరిగిపోయినట్టుంది. తల ఎత్తేసరికి ఎదురుగా గురువు మొహం.

మొహం చిట్లి ఉంది. ఎడమ కనుబొమ్మ లేచింది. నోట్లో మిరపకాయ లేదు, ఏమీ లేదు. ఇది నిజంగా స్వరం విని చిట్లించిన మొహమే.

ఆ మొహం ఆమె ఒక్కతే చూడలేదు. చెంచురామయ్య చూశాడు. పక్కాయన మోచేత్తో పొడిచి గురువువైపు చూపించాడు. ఆ పక్కాయన ఇంకొకరికి చూపించాడు. వీళ్ళలో ఒక్కడికీ తోడి తెలియదు, తెలిసిందల్లా సాహెబ్ గారి కనుబొమ్మ! అంతమంది పెద్దలు, అన్నేళ్ళు ఆ మండపంలో సన్నాయి కింద కూర్చుని, నేర్చుకున్నది ఇదీ. గుసగుసలు గడప దాకా పాకాయి. ఏడుకొండలు కళ్ళు మూసుకున్నాడు.

కోటేశ్వరి వేళ్ళు ఒక్క క్షణం బిగుసుకున్నాయి. తగ్గించనా? ఎత్తనా? పాత అలవాటు చెయ్యి పట్టుకుని లాగింది. ఆమెకి ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. చెవి సరే అంటోంది గదా, ఊపిరి సరిగ్గా అందింది గదా, పొద్దున్నుంచీ సాయంత్రందాకా ఈ ముక్కనే గదా తొలిచి తొలిచి చూసుకుంది! ఆమె కళ్ళు మూసుకుంది. మళ్ళీ గాంధారం దగ్గరకే వచ్చింది. తప్పించుకుని పోలేదు, సర్దలేదు. సరిగ్గా అట్లాగే, అంతే ఊపుతో, ఇంకాసేపు ఎక్కువగా, అందరూ వినేట్టు ఊదింది. మాల్యాద్రి డోలు మీద ఒక్కటిచ్చాడు. "అదీ!" అన్నాడు.

కళ్ళు తెరిచేసరికి రాగం ముగిసింది. ఎవరి మొహం ఎట్లా ఉందో ఆమె చూడలేదు. చూడదలచుకోలేదు కూడా. ఆ తరవాత జరిగింది మాల్యాద్రి చెబితే తెలిసింది. చెంచురామయ్య ఏదో అనబోతుంటే, పిడుగురాళ్ళ వైపు సన్నాయిగాడు ముందుకొచ్చి, "ఇంక మేమెందుకండీ ఇక్కడ? పొద్దున బస్సుకి పోతాం" అన్నాడట. "అదేంది, సాహెబ్ గారి మొహం చూళ్ళేదా నువ్వు?" అని ధర్మకర్త అడిగితే, "నేను సన్నాయి వింటన్నానండీ, ఆయన మొహం నేనెందుకు చూస్తా?" అన్నాడట. తిరునాళ్ళు ముగిసేదాకా గుళ్ళో ఏడుకొండలు ఇంటి మేళమే మోగింది.

తిరునాళ్ళు అయిపోయాక కోటేశ్వరి గురువుగారింటికి వచ్చింది. దండం పెట్టింది గాని మొహం మాడ్చుకునే ఉంది. కాశిం సాహెబ్ గోడవైపు పీట మీద కూర్చుని పీక గీకుతున్నాడు.

"ఆ రోజు మళ్ళీ మొహం అట్టా పెట్టారేందండీ? దొన్నె పక్కన పెట్టేశారుగా, నేను చూశా. మిరపకాయని చెప్పకండి."

"మిరపకాయ కాదు" అన్నాడాయన గోడతో. "గాంధారం తగ్గిందనుకున్నా."

కోటేశ్వరి కళ్ళముందు తండ్రి మొహం, మండపం, గుసగుసలు అన్నీ గిర్రున తిరిగాయి. 'తగ్గిందా?' అన్న మాట నాలుక చివరికొచ్చింది. అక్కడే ఆగింది. ఆ మాటని ఆమె మింగేసింది.

"ఎట్టా పోయింది?" అని అడిగాడు ఆయన.

"బాగా పోయింది" అంది కోటేశ్వరి. గొంతు గట్టిగానే ఉంది. "తగ్గలా. శ్రుతి విని పట్టా. రెండోసారి మళ్ళీ చూసుకుని మరీ పట్టా. తగ్గలా."

"నేను తగ్గిందంటన్నా గదమ్మా."

"మీరన్నా సరే! ఎవరన్నా సరే, తగ్గలేదండీ!"

వసారాలో శిష్యులు సన్నాయిలు దించి ఇటు చూశారు. గురువుకి ఎదురు చెప్పడం ఒక ఎత్తు, గురువు చెవి తప్పనడం ఒక ఎత్తు. కోటేశ్వరి కళ్ళల్లో నీళ్ళు నిండాయి గాని చూపు మాత్రం దించలేదు.

కాశిం సాహెబ్ చాకు మడిచి జేబులో వేసుకున్నాడు.

"ఆ రోజు ఇంటికొచ్చి సన్నాయి తీసి నేనే ఊది చూసుకున్నా" అన్నాడు. "ఒకసారి గాదు, మళ్ళీ మళ్ళీ చూసుకున్నా. నువ్వు ఊదిందే నిజం. నా చెవే దాన్ని ఇంకాస్త పైకి ఉండాలంది. పెద్దతనం."

ఆయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచాడు. పీట ఎత్తాడు. ఇటు తిప్పి, ఆమెకెదురుగా వేసుకుని కూర్చుని, ఆమె మొహంలోకి చూశాడు.

"కానియ్యి" అన్నాడు. "ఇంక నేనెటు తిరిగి కూర్చుంటే ఏముందిలే."